చేతులు కడిగినా తీరని సందేహం

ఇంటికి తాళం వేసి నాలుగడుగులు నడిచిన తరువాత, తాళం సరిగా పడిందో లేదోనని వెనుదిరిగి ఒకసారి లాగి చూడనివారు అరుదు. ఇది జాగ్రత్త. కాని పదిసార్లు, ఇరవైసార్లు లాగి చూసినా సందేహం తీరక, బస్సు వెళ్ళిపోతున్నా తలుపును వదలలేక కన్నీరు పెట్టుకొనేవారు కూడా ఉన్నారు. ఇది వ్యాధి. తాళం పడిందని వారికి తెలుసు. తెలిసి కూడా నమ్మలేరు.

ఇటువంటివారిని మన ఇళ్ళలో చాదస్తులనీ, అనుమానపు మనుషులనీ, అతిశుభ్రం కలవారనీ తేలికగా అనేస్తాము. వైద్యులు ఈ వ్యాధికి పెట్టిన పేరు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. దీనిలో రెండు భాగాలున్నవి. వద్దన్నా మనస్సులో జొరబడే ఆలోచన మొదటిది. ఆ ఆలోచన రేపిన ఆందోళనను చల్లార్చుకొనడానికి చేసే చేష్ట రెండవది. ఒకటి బలవంతపు ఆలోచన, రెండవది బలవంతపు చేష్ట అనుకొందాము. చేష్ట వలన కొద్దిసేపు ఊరట కలుగుతుంది. మళ్ళీ సందేహం మొదలవుతుంది.

ఈ వ్యాధి చరిత్ర ఒకే ప్రశ్న చుట్టూ తిరిగినదని చెప్పవచ్చును. ఇందులో తప్పు ఎవరిది?

పాపమా, పిచ్చియా?

17వ శతాబ్దిలో ఇంగ్లండులో జాన్ బన్యన్ అనే మతబోధకుడుండేవాడు. తాను ప్రాణప్రదంగా కొలిచే క్రీస్తునే అమ్మివేయమనే మాట తన మనస్సులో రాత్రింబవళ్ళు మ్రోగేదని ఆయన 1666లో ప్రకటించిన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు. ఆ కాలంవారి దృష్టిలో అది సైతాను ప్రేరణ. దానికి మందు ప్రార్థన. ఇంగ్లీషు నిఘంటువును కూర్చిన శామ్యూల్ జాన్సన్ ద్వారం దాటేటప్పుడు అడుగులు లెక్క చూసుకొని, ఫలానా పాదమే ముందు పడేటట్లు జాగ్రత్తపడేవాడని ఆయన జీవిత చరిత్ర వ్రాసిన బాస్వెల్ 1791లో వర్ణించాడు. వీరికి ఉన్నది ఈ వ్యాధియే అని ఇంత దూరంనుండి నిర్ణయించలేము కాని, ఈ బాధ కొత్తది కాదని మాత్రం గ్రహించవచ్చును.

1838లో ఫ్రెంచి వైద్యుడు ఎస్కిరోల్ ఒక యువతి కథను తన గ్రంథంలో వివరించాడు. ఇతరుల వస్తువేదో తన జేబులోకి వచ్చిందేమోనని ఆమెకు ఎడతెగని భయం. తన భయం అర్థం లేనిదని ఆమె స్వయంగా ఒప్పుకొనేది. మతి చలించినవాడు తన భ్రమను నిజమనుకొంటాడు; ఈమె అలా అనుకోలేదు. 1877లో బెర్లిన్ వైద్యుడు వెస్ట్‌ఫాల్ ఈ భేదాన్నే నిర్వచనంగా మలిచాడు. బుద్ధి చెక్కుచెదరకుండా ఉండగా, మనిషి ఇచ్ఛకు విరుద్ధంగా వచ్చి తిష్ఠవేసే ఆలోచన ఇదని ఆయన చెప్పాడు. ఆ నాటితో ఇది పాపమూ కాదు, పిచ్చీ కాదు అని తేలినట్లయినది.

మనకు పరిచయమైన మడినీ ఈ వ్యాధినీ కలిపివేయకూడదు. మడి కట్టుకొన్నవారికి ఆ పని పూర్తికాగానే తృప్తి కలుగుతుంది. రోగికి ఆ తృప్తి దొరకదు. చేతులు పగిలి రక్తం చిమ్ముతున్నా, మానుకోవాలని ఉన్నా మానుకోలేడు.

వంశం మాట

20వ శతాబ్ది ఆరంభంలో ఫ్రాయిడ్ దీనికి మూలం బాల్యంలో అణచివేసిన కోరికలలో ఉన్నదన్నాడు. నింద మెల్లగా పెంపకం మీదికి వచ్చింది. మరి రక్తసంబంధం మాటేమిటి? 1936లో లండనులో ఆబ్రే లూయిస్ 50 మంది రోగుల కుటుంబాలను పరిశీలించి, తల్లిదండ్రులలో నూటికి 37 మందికి ఇటువంటి స్వభావ లక్షణాలున్నవని తెలిపాడు. అయితే ఒకే కప్పు క్రింద పెరిగిన బిడ్డ తల్లిని చూచి నేర్చుకొని ఉండవచ్చు కదా!

ఈ చిక్కును విడదీయడానికి కవలలు ఉపయోగపడ్డారు. ఒకే అండంనుండి పుట్టిన కవలలకు జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. రెండు అండాలనుండి పుట్టిన కవలలు మామూలు తోబుట్టువులవలె సగటున సగం జన్యువులనే పంచుకొంటారు. ఇల్లు మాత్రం ఇరువురికీ ఒకటే. మొదటి రకం జంటలలో పోలిక ఎక్కువగా కనిపిస్తే, ఆ అదనం జన్యువులదని ఊహించవచ్చును. ఇటువంటి పరిశోధనలను 2005లో ఒకచోట చేర్చి చూడగా, ఈ లక్షణాలలో మనిషికీ మనిషికీ గల తేడాలో అనువంశికత వాటా పిల్లలలో నూటికి 45 నుండి 65 వరకు, పెద్దలలో 27 నుండి 47 వరకు ఉన్నట్లు తేలినది. మిగిలినది జీవితానుభవాల పాలు.

ఏదో ఒక్క జన్యువే దోషి అయి ఉంటుందని చాలాకాలం వెదికారు. దొరకలేదు. 2025లో ప్రకటించిన పరిశోధనలో 53 వేలకు పైగా రోగుల జన్యు సమాచారాన్ని 20 లక్షలకు పైగా ఇతరుల సమాచారంతో పోల్చి, జన్యుపదార్థంలో 30 స్థానాలకు ఈ వ్యాధితో సంబంధమున్నదని గుర్తించారు. ఒక్కొక్క స్థానం ప్రభావం బహు స్వల్పం. కొబ్బరి పీచుతో పేనిన మోకులో ఏ ఒక్క పీచూ మోకు కానట్లే, ఏ ఒక్క జన్యువూ వ్యాధి కాదు.

ఇక్కడ ఒక లెక్కను జ్ఞాపకం ఉంచుకోవాలి. అమెరికాలో 2000లో వెలువడిన ఒక పరిశీలనలో రోగుల దగ్గరి బంధువులలో నూటికి సుమారు 12 మందికి ఈ వ్యాధి కనిపించినది. ఇతర కుటుంబాలలో 3 కన్న తక్కువ. తేడా నిజమే. కాని ఆ బంధువులలోనే 88 మందికి వ్యాధి లేదు! వంశంలో ఉన్నదని పెండ్లి సంబంధం వదులుకొనేవారు ఈ రెండవ అంకెను కూడా చదవాలి.

గాజు తలుపు

జన్యువులతో సంబంధమున్న వ్యాధి కనుక నయం కాదని పలువురి అభిప్రాయం. చరిత్ర దీనికి విరుద్ధంగా సాక్ష్యమిస్తున్నది.

1953లో అమెరికాలో సాలమన్, ఆయన సహచరులు కుక్కలపై చేసిన ప్రయోగాలను ప్రకటించారు. ఒక సంకేతం తరువాత విద్యుత్తు తగిలేటట్లు చేయగా, కుక్కలు సంకేతం రాగానే అడ్డుగోడ దూకి తప్పించుకొనడం నేర్చుకొన్నవి. విద్యుత్తును పూర్తిగా ఆపివేసిన తరువాత కూడా అవి వందలసార్లు దూకుతూనే ఉన్నవి. దూకడం మానితే కదా, అపాయం లేదని తెలిసేది! గాజు పలకతో దారి మూసినప్పుడు వాటిలో కొన్ని క్రమంగా దూకడం మానుకొన్నవి.

లండనులో విక్టర్ మేయర్‌కు ఈ ప్రయోగాలు దారి చూపినవి. తీవ్రమైన రోగులకు మెదడును కోసే శస్త్రచికిత్స సూచిస్తూ ఉండిన రోజులవి. 1966లో ఆయన ఇద్దరు రోగుల చికిత్సను వివరించాడు. భయపెట్టే వస్తువును రోగిచేత తాకించడం, తరువాత కడుక్కోనివ్వకుండా నర్సులు వెంట ఉండి నిలువరించడం ఆయన పద్ధతి. ఆందోళన పెరిగినది, కాని కొంతసేపటికి దానంతట అదే తగ్గినది. 1974 నాటికి 15 మందికి చికిత్స జరుగగా 10 మంది చాలావరకు లేక పూర్తిగా కోలుకొన్నారు. నేడు ఈ పద్ధతిని రోగి సమ్మతితో, తేలిక భయంనుండి కఠిన భయానికి మెట్టుమెట్టుగా సాగిస్తారు.

అదే కాలంలో మందు కూడా దొరికినది. దిగులుకు వాడుతున్న క్లోమిప్రమిన్ ఈ వ్యాధికి కూడా పనిచేస్తున్నదని 1967లో స్పెయిన్ వైద్యులు తెలిపారు. సెరటోనిన్ అనే రసాయనాన్ని నాడీకణాలు తిరిగి పీల్చుకొనకుండా అది అడ్డుకొంటుంది. తరువాత ఫ్లుయోక్సెటిన్, ఫ్లువోక్సమిన్ మొదలైనవి వచ్చినవి. వీటి గుణం తెలియడానికి చాలా వారాలు పడుతుంది. వైద్యుని అడుగక మధ్యలో మానరాదు.

1992లో కాలిఫోర్నియా పరిశోధకుడు బాక్స్టర్, ఆయన బృందం చికిత్సకు ముందూ తరువాతా రోగుల మెదళ్ళను పరీక్షించారు. మెదడు లోపల తోక ఆకారంలో ఉండే కాడేట్ కేంద్రకంలో గ్లూకోజ్ వినియోగం తగ్గినట్లు కనిపించినది. మందుతో కోలుకొన్నవారిలోనూ, మందు లేకుండా అభ్యాసంతో కోలుకొన్నవారిలోనూ ఈ మార్పు ఉన్నది! అంటే మనిషి చేసే పని కూడా మెదడును మార్చగలదు.

తరగతి గదిలో

ఈ వ్యాధి తరచు బాల్యంలోనో, యౌవనారంభంలోనో తల ఎత్తుతుంది. వ్రాసినది చెరిపి, మళ్ళీ వ్రాసి, కాగితం చిరిగేదాకా దిద్దే విద్యార్థి, చేతులు ఎండి పగిలిన విద్యార్థి, ఒకే ప్రశ్నను పదేపదే అడిగి భరోసా కోరే విద్యార్థి ఉపాధ్యాయుని కంటపడవచ్చు. చాలామంది సిగ్గుతో దాచుకొంటారు. వారిని గద్దిస్తే ఫలితం లేదు. అడిగినప్పుడల్లా భరోసా ఇచ్చినా, కుక్కకు మళ్ళీ దూకే అవకాశమిచ్చినట్లే అవుతుంది. ఏకాంతంగా పిలిచి మాట్లాడి, తల్లిదండ్రులతో చెప్పి, మానసిక వైద్యుని వద్దకు పంపడం మేలు.

తప్పు ఎవరిదన్న ప్రశ్నకు నాలుగు శతాబ్దాల చరిత్ర ఇచ్చిన సమాధానం చిన్నది. తప్పు రోగిది కాదు, తల్లిది కాదు, వంశానిది కూడా కాదు. చికిత్స ఉన్నదని తెలిసి కూడా ఒక పిల్లవానిని చాదస్తుడని నవ్వి వదిలివేస్తే మాత్రం, ఆ తప్పు మనది.