పిల్లల మత్తు వైద్యుల నిరంతర శిక్షణ: నెల్లూరు తీరం

పిల్లలకు ఆపరేషన్ వేళ మత్తు ఇచ్చే వైద్యులు పట్టా చేతికొచ్చాక కూడా సాగించే చదువు, సాధన ఇది. డాక్టర్ల వాడుకలో దీని పేరు సీఎంఈ. పిల్లల విషయంలో దీని అవసరం మరీ ఎక్కువ. నెలల బిడ్డ శరీరం కిలో బరువుకు పెద్దవాళ్లకన్నా దాదాపు రెట్టింపు ఆక్సిజన్ ఖర్చు చేస్తుంది, ఊపిరితిత్తుల్లో నిల్వ మాత్రం తక్కువ. అందుకే ఊపిరి ఆగితే దిద్దుకునే వ్యవధి పెద్దగా ఉండదు. మందును కిలోల లెక్కన, గొంతులో వేసే ట్యూబును వయసు లెక్కన ఎంచుకోవాలి. వేరుసెనగ గింజ గాలిగొట్టంలో ఇరుక్కున్న రెండేళ్ల బిడ్డ వచ్చిందంటే, గింజ తీసే సర్జనూ మత్తు డాక్టరూ ఆ ఇరుకు దారినే పంచుకోవాలి. ఇది పుస్తకం చదివితే వచ్చే విద్య కాదు.

మత్తు వైద్యం మొదటి ఏళ్ల నుంచే పిల్లల కథ అందులో ఉంది. క్లోరోఫాం వల్ల జరిగినట్టు నమోదైన తొలి మరణం 1848 జనవరిలో ఇంగ్లండులో, కాలిగోరు తీయించుకోవడానికి వచ్చిన హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్లది. చావుకు కారణం గుండె ఆగడమా, ఊపిరి ఆగడమా అన్న వాదం దశాబ్దాలపాటు నడిచి చివరికి తెలుగు నేలకు చేరింది. హైదరాబాద్ వైద్య పాఠశాలను నడిపిన ఎడ్వర్డ్ లారీ, ఆరో నిజాం అండతో 1888లో ఒకటి, 1889లో మరొకటి క్లోరోఫాం కమిషన్లు ఏర్పాటు చేశాడు. రెండో కమిషన్‌కు లాన్సెట్ పత్రిక లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ను పంపింది. ఊపిరి ఒక్కటే కనిపెట్టి చూస్తే చాలు, నాడి పట్టనక్కర్లేదన్నది లారీ బోధన. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచపు తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరిగా చెబుతారు. 1911లో ఎ.జి. లెవీ ప్రయోగాలు, మత్తు పలచగా ఉన్నప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని తేల్చాయి. రెండు కమిషన్లు ముద్ర వేసిన పాఠం అలా చెల్లకుండా పోయింది.

తర్వాతి కాలంలోనూ ఇదే తంతు. గ్రహణం పెదవి పిల్లల కోసం ఫిలిప్ ఐర్ 1937లో టీ ఆకారపు గొట్టం తయారుచేస్తే, లివర్‌పూల్‌లో జాక్సన్ రీస్ 1950లో దానికి సంచీ తగిలించాడు. పసికందులకు నొప్పి అంతగా తెలియదన్న నమ్మకాన్ని, ఇండోర్‌లో వైద్యం చదివిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ 1987లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధనతో పడగొట్టాడు. చిన్నపిల్లలకు కఫ్ (ట్యూబు చివర గాలితో ఉబ్బే పట్టీ) లేని ట్యూబే వేయాలని తరాల తరబడి నేర్పారు. 2009లో ఐరోపాలో 2,246 మంది పిల్లలపై వచ్చిన అధ్యయనంలో కఫ్ లేని ట్యూబు దాదాపు 31 శాతం మందికి మార్చాల్సి వచ్చింది, కఫ్ ఉన్నది 2 శాతం మందికే. రాత్రి నుంచి బిడ్డ కడుపు మాడ్చడం కూడా పాతబడింది. మంచినీళ్లలాంటివి మత్తుకు గంట ముందు వరకూ తాగించవచ్చని ఐరోపా శిశు మత్తు సంఘాలు 2018లో చెప్పాయి. పాతికేళ్ల కిందటి పాఠంతోనే నెట్టుకొచ్చే డాక్టరు చేతిలో బిడ్డ అనవసరంగా ఆకలికి ఏడుస్తుంది.

నెల్లూరు తీరానికి పని చేస్తూ నేర్చుకునే సంప్రదాయం కొత్త కాదు. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తమ్ముడు, అలగానిపాడు బిడ్డ డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో నిలబెట్టిన ప్రజావైద్యశాల, పల్లె యువకులకు ప్రాథమిక వైద్యం నేర్పి ఊళ్లకు పంపింది. అది మత్తు వైద్యం కాకపోయినా, శిక్షణను జనం దగ్గరికి తేవచ్చని చూపింది. నిపుణుల చదువు మాత్రం చాలాకాలం దూరానే ఉండిపోయింది. తిరుపతి ఎస్వీ వైద్య కళాశాల 1960లో వచ్చింది. నెల్లూరులో దొడ్ల సుబ్బారెడ్డి ఆస్పత్రికి అనుబంధంగా ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల 2014లో గానీ మొదలు కాలేదు. ఈలోగా 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, పిల్లల గుండె ఆపరేషన్లను, చెవుడున్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్లను పేదింటికి అందుబాటులోకి తెచ్చింది. తిరుపతిలో పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం 2021లో తెరుచుకుంది.

పెద్ద కేంద్రాల్లో రోజూ పిల్లలకే మత్తు ఇచ్చే డాక్టర్లుంటారు. అసలు చిక్కు కావలి వంటి ఊళ్లది. అక్కడ కాన్పులూ ఎముకల ఆపరేషన్లూ చూసుకునే మత్తు డాక్టరే, అరుదుగా వచ్చే పసిబిడ్డనూ చూసుకోవాలి. 2017లో 33 ఐరోపా దేశాల్లో 30 వేల పైచిలుకు పిల్లలపై వెలువడిన ఏప్రికాట్ అధ్యయనం, బృందంలో సీనియర్ అనుభవం పెరిగేకొద్దీ ప్రమాదం తగ్గుతుందని చూపింది. అనుభవం తక్కువ దొరికే చోట బొమ్మలపై సాధన ఆ లోటు కొంత పూడుస్తుంది. ప్రపంచ మత్తు వైద్యుల సమాఖ్య తోడ్పాటుతో, వనరులు తక్కువున్న దేశాల కోసం సాగే 3 రోజుల సేఫ్ కోర్సు ఈ ఆలోచనతోనే పుట్టింది. మన దేశంలో శిశు మత్తు వైద్యుల జాతీయ సంఘం సదస్సులు, వర్క్‌షాపులు నడుపుతోంది.

చట్టం చూపు మాత్రం గంటల మీదే ఉంది. ఐదేళ్లకు 30 గంటల సీఎంఈ అని 2002 నాటి వైద్య నైతిక నిబంధనలు చెబుతున్నాయి. ఆ గంటల్లో పిల్లల గురించి ఒక్క పాఠమైనా ఉండాలని అందులో లేదు. హోటల్ హాల్లో కూర్చుని విన్నదీ, బొమ్మ గొంతులో ట్యూబు వేసి నేర్చుకున్నదీ ఒకే లెక్క కావడం ఈ పద్ధతిలో పెద్ద లోపం. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త నిబంధనలు ప్రకటించి, అదే నెల 23న వాటిని నిలిపివేసి, 2002 నిబంధనలనే మళ్లీ అమల్లో పెట్టింది.