ఇంగ్లీషులో 'తప్పకుండా' చెప్పడం ఎలా? డెఫినెట్లీ, ష్యూర్లీ, సర్టెన్లీ.. ఏది ఎక్కడ వాడాలి?

'తప్పకుండా వస్తా', 'పక్కా పంపిస్తా', 'కంపల్సరీ కట్టేస్తా'.. గుంటూరు మిర్చి యార్డు నుంచి ఒంగోలు దాకా రోజూ వినపడే మాటలే ఇవి. తెలుగులో వీటితో ఇబ్బంది లేదు. చెప్పేవాళ్ల గొంతును బట్టి వినేవాళ్లు అర్థం చేసుకుంటారు. అదే మాట ఇంగ్లీషు మెసేజ్‌గా వెళ్తేనే తేడా కొడుతుంది. ఒక్క పదం చోటు మారితే 'తప్పకుండా చేయం' అన్నది కాస్తా 'చేస్తామో లేదో చెప్పలేం' అయిపోతుంది.

ఇది పరీక్షల్లో మార్కుల గొడవ మాత్రమే కాదు. గుంటూరు మిర్చి యార్డు ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్లలో ఒకటి. గుంటూరు సన్నం రకానికి భౌగోళిక గుర్తింపు ఉంది. తేజ రకం చైనా సహా చాలా దేశాలకు వెళ్తోంది. పత్తి బేళ్లు, పొగాకు వ్యాపారంలోనూ బయటివాళ్లతో ఇంగ్లీషులోనే మాట్లాడాల్సి వస్తుంది. ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలకూ అంతే. మాట ఇచ్చేటప్పుడు ఆ మాట సరిగ్గా అర్థం కావాలి కదా. అందుకే ఈ వివరాలు.

'విల్' వదిలేయొద్దు

తెలుగులో 'పంపిస్తాను' అనే ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. 'రోజూ పంపిస్తాను' అన్నా అదే, 'రేపు పంపిస్తాను' అన్నా అదే. ఇంగ్లీషులో అలా కుదరదు. అందుకే 'ఐ డెఫినెట్లీ సెండ్ ద శాంపిల్ టుమారో' అంటే తప్పు. మాటిచ్చేటప్పుడు 'విల్' ఉండాల్సిందే. 'ఐ విల్ డెఫినెట్లీ సెండ్ ద శాంపిల్ టుమారో' అనాలి. డెఫినెట్లీ ఎంత గట్టిగా పలికినా అది 'విల్' చేసే పని చేయదు.

చోటు ఎక్కడ?

మామూలు వాక్యంలో 'విల్'కి, అసలు క్రియకి మధ్యలో డెఫినెట్లీ వస్తుంది. 'వి విల్ డెఫినెట్లీ లోడ్ ద బ్యాగ్స్ ఆన్ మండే'. క్రియ పెద్దదైనా ఇదే పద్ధతి. 'ద కాటన్ విల్ డెఫినెట్లీ బి రెడీ' సరైనది. 'విల్ బి డెఫినెట్లీ రెడీ' అన్నా అర్థమవుతుంది కానీ మొదటిదే సహజంగా ఉంటుంది.

ఒక్క సందర్భంలో చోటు మారుతుంది. 'విల్ యు కమ్?' అని ఎవరైనా అడిగితే పొట్టిగా 'ఐ డెఫినెట్లీ విల్' అని చెప్పాలి. 'ఐ విల్ డెఫినెట్లీ' అని ఆపేస్తే వాక్యం మధ్యలో తెగినట్టు ఉంటుంది.

అసలు చిక్కు 'నాట్' దగ్గర

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. పాత ఏసీ సరుకును కొత్త పంటలో కలుపుతారేమోనని విదేశీ కొనుగోలుదారుకు అనుమానం వచ్చిందనుకోండి. 'ఖచ్చితంగా కలపం' అని చెప్పాలి. మనవాళ్లు చాలామంది 'వి విల్ నాట్ డెఫినెట్లీ మిక్స్ ఓల్డ్ స్టాక్' అని రాసేస్తారు. చదివేవాళ్లకు ఇది 'కలుపుతామని ఖచ్చితంగా చెప్పలేం' అన్నట్టు వినపడే ప్రమాదం ఉంది. అంటే కలిపినా కలపొచ్చు అని! చెప్పాలనుకున్నదేంటి, వెళ్లిందేంటి?

కారణం తేలికే. 'కలపం' అనే ఒక్క తెలుగు మాటలోనే 'కాదు' ఇమిడి ఉంటుంది. ఇంగ్లీషులో 'నాట్' విడిగా నిలబడుతుంది. దాని వెనక ఏ మాట వస్తే దాన్ని కొట్టేస్తుంది. 'నాట్' తర్వాత డెఫినెట్లీ పెడితే 'ఖచ్చితంగా' అన్నదే కొట్టుకుపోతుంది. అందుకే డెఫినెట్లీని ముందుకు తేవాలి. 'వి డెఫినెట్లీ వోంట్ మిక్స్ ఓల్డ్ స్టాక్' లేదా 'వి విల్ డెఫినెట్లీ నాట్ మిక్స్' అనాలి. 'సర్టెన్లీ', 'ప్రాబబ్లీ'లకూ ఇదే సూత్రం. 'హి ప్రాబబ్లీ వోంట్ కమ్' అంటే బహుశా రాడు అని.

'ష్యూర్లీ' అంటే 'తప్పకుండా' కాదా?

పూర్తిగా కాదు. వాక్యం మొదట్లో 'ష్యూర్లీ' పెడితే అందులో నమ్మకంతో పాటు కాస్త అనుమానం కూడా ఉంటుంది. 'ష్యూర్లీ యు విల్ పే బిఫోర్ సంక్రాంతి' అంటే 'సంక్రాంతి లోపు కడతారు కదా, కట్టరా ఏంటి?' అని నిలదీసినట్టు. డబ్బు రావాల్సిన వ్యాపారితో మర్యాదగా మాట్లాడాలంటే ఇది వాడకపోవడమే మంచిది. 'హి విల్ ష్యూర్లీ విన్' అని అంచనా చెప్పొచ్చు. అయితే సొంతంగా మాట ఇచ్చేటప్పుడు 'విల్ డెఫినెట్లీ' సూటిగా ఉంటుంది.

'సర్టెన్లీ' కాస్త మర్యాద మాట. కస్టమర్ ఏదైనా అడిగితే 'సర్టెన్లీ' అన్న ఒక్క మాటతోనే 'అలాగేనండి' అని చెప్పినట్టే. ఆఫీసు మెయిల్లో 'వి విల్ సర్టెన్లీ చెక్ ఇట్' బాగుంటుంది.

'కంపల్సరీ'తో జాగ్రత్త

'రేపు కంపల్సరీ వస్తా' అన్నది తెలుగులో కలిసిపోయిన మాట. దాన్ని అలాగే ఎత్తి 'ఐ విల్ కంపల్సరీ కమ్' అంటే ఇంగ్లీషు కాదు. కంపల్సరీ అంటే నిబంధన ప్రకారం చేసి తీరాల్సింది. 'హెల్మెట్ ఈజ్ కంపల్సరీ' అంటే సరిపోతుంది. మన ఇష్టంతో ఇచ్చే మాటకు అది పనికిరాదు.

పెళ్లికి పిలిచేటప్పుడు 'తప్పకుండా రండి' అంటాం. దాన్ని 'ప్లీజ్ డెఫినెట్లీ కమ్' అనకండి. 'ప్లీజ్ డు కమ్' అంటే ఆ ఆప్యాయత వస్తుంది. 'కమ్ వితవుట్ ఫెయిల్' అంటే పైఅధికారి ఆర్డర్ వేసినట్టుంటుంది. అదే మన గురించి మనం 'ఐ విల్ బి దేర్ వితవుట్ ఫెయిల్' అంటే తప్పు లేదు.

'నేనే వస్తా' అనడానికి 'ఐ ఓన్లీ విల్ కమ్' అనేవాళ్లూ ఉన్నారు. 'నేనొక్కడినే వస్తా' అని వినేవాళ్లు పొరబడొచ్చు. 'ఐ విల్ కమ్ మైసెల్ఫ్' అనాలి.

మాటకు బరువు ఎక్కడిది?

'డెఫినెట్లీ, 100 పర్సెంట్, పక్కా ష్యూర్' అని వరసగా పేరిస్తే నమ్మకం పెరగదు, అనుమానమే పెరుగుతుంది. ఒక్కటి చాలు. కొనుగోలు ఒప్పందాలు ఎప్పుడైనా చూడండి, వాటిలో డెఫినెట్లీ కనిపించడం అరుదు. 'ద సెల్లర్ షల్ డెలివర్' అని రాసి, పక్కనే తేదీ, బరువు, తేమ శాతం వేస్తారు. బరువంతా ఆ అంకెల్లోనే ఉంటుంది. మెసేజ్‌లోనూ అంతే. 'వి విల్ డెఫినెట్లీ సెండ్' అని ఊరుకోకుండా 'వి విల్ డెఫినెట్లీ సెండ్ 200 బ్యాగ్స్ బై ఫ్రైడే' అంటే అవతలివాళ్లు లారీ సిద్ధం చేసుకుంటారు.

ఒక్క చూపులో..

• పంపిస్తాం: 'వి విల్ డెఫినెట్లీ సెండ్'
• పంపం: 'వి డెఫినెట్లీ వోంట్ సెండ్'
• పంపుతామో లేదో చెప్పలేం: 'వి మే ఆర్ మే నాట్ సెండ్'
• వస్తారా అంటే: 'ఐ డెఫినెట్లీ విల్'
• అలాగేనండి: 'సర్టెన్లీ'
• తప్పకుండా రండి: 'ప్లీజ్ డు కమ్'

సెండ్ బటన్ నొక్కే ముందు 'నాట్' ఎక్కడుందో ఒక్కసారి చూసుకోండి. దాని వెనక డెఫినెట్లీ కనిపిస్తే ముందుకు జరపండి.