సూదితో రాసిన పేర్లు

చరిత్ర అనగానే మనకు రాజుల శాసనాలు గుర్తొస్తాయి. ఆడపిల్ల సూదితో కుట్టిన గుడ్డ కూడా చరిత్రకు ఆధారమే.

18, 19వ శతాబ్దాల్లో అమెరికాలో ఆడపిల్లలు బడిలో కుట్టిన ఇలాంటి గుడ్డలను శాంప్లర్లు అంటారు. నారబట్ట మీద పట్టుదారంతో అక్షరాలు, అంకెలు, చుట్టూ పూలతీగలు, నడుమ నీతిపద్యం, చివర తమ పేరు, వయసు కుట్టేవారు. దుప్పట్ల మీద ఇంటివారి గుర్తుగా అక్షరాలు కుట్టడం ఆడవాళ్ల పని. అందుకే కుట్టూ చదువూ కలిపి నేర్పారు. అక్కడివాటిలో అన్నిటికన్నా పాతదిగా చెప్పేది 1653 ప్రాంతంలో ప్లిమత్‌లో లోరా స్టాండిష్ కుట్టింది.

వలస వచ్చినవాళ్ల బిడ్డలే కాదు, అక్కడి ఆదివాసీ బిడ్డలూ కుట్టారు. చెరోకీల కోసం 1817లో టెనెస్సీలో మిషనరీలు బ్రెయినర్డ్ బడి పెట్టారు. ఆడపిల్లలకు ఇంగ్లీషుతో పాటు కుట్టుపనీ నేర్పారు. 1821 నాటికి సెకోయా అనే చెరోకీ తమ భాషకు సొంత లిపి తయారుచేశాడు. చెరోకీలు చదువుకున్నారు, పత్రిక కూడా నడిపారు. అయినా నేల దక్కలేదు. 1830లో తరలింపు చట్టం వచ్చింది. 1838లో సైన్యం వాళ్లను పడమటికి తరిమింది. దారిలో వేలమంది చనిపోయారు. ఆ బడీ మూతపడింది.

మిషన్ బడుల్లో ఆదివాసీ పిల్లలు కుట్టిన శాంప్లర్లు కొన్ని నేటికీ మిగిలాయి. వాటిలో పిల్లల పేర్లున్నాయి, కానీ అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి.

బడిలో పిల్లల చేత పేరు రాయించేటప్పుడు మాకు ఆ గుడ్డలే గుర్తొస్తాయి. పేరు పక్కన ఊరు, తెగ, ఇంట్లో మాట్లాడే భాషలో ఒక్క మాటైనా రాయిద్దాం.