ఆల్ ఇంగ్లండ్ విజేత పుల్లెల గోపీచంద్

ఒంగోలు ముఖ్యపట్టణంగా గల ప్రకాశం జిల్లా భారత బ్యాడ్మింటన్ రంగానికి అందించిన మేటి క్రీడాకారుడు శ్రీ పుల్లెల గోపీచంద్. ఆయన 1973 నవంబరు 16న ఈ జిల్లాలోని నాగండ్ల గ్రామంలో జన్మించారు. 2022 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఈ గ్రామం బాపట్ల జిల్లాలో చేరింది.

హైదరాబాద్‌లో శ్రీ ఎస్.ఎం. ఆరిఫ్ వద్ద శిక్షణ పొంది రాణిస్తున్న దశలో, 1994లో ఆయన మోకాలికి తీవ్ర గాయమైంది. శస్త్రచికిత్సల అనంతరం పట్టుదలతో కోలుకొని, 1996 నుండి 2000 వరకు వరుసగా 5 పర్యాయములు జాతీయ సింగిల్స్ విజేతగా నిలిచారు. 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడలలో జట్టుతో కలసి రజత పతకమును, సింగిల్స్‌లో కాంస్య పతకమును సాధించారు.

2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో జరిగిన ఆల్ ఇంగ్లండ్ పోటీలలో, సర్వీసు చేసిన వారికే పాయింటు లభించే నాటి విధానంలో, సెమీఫైనల్‌లో డెన్మార్క్‌కు చెందిన పీటర్ గేడ్‌ను ఓడించారు. 11వ తేదీన జరిగిన ఫైనల్‌లో చైనా క్రీడాకారుడు చెన్ హాంగ్‌పై 15-12, 15-6 తేడాతో విజయం సాధించారు. 1980లో శ్రీ ప్రకాశ్ పదుకొనె గెలిచిన 21 సంవత్సరముల తరువాత ఈ టైటిల్ తిరిగి భారతదేశానికి దక్కింది. 2000-01 సంవత్సరానికి ఆయన ఖేల్ రత్న పురస్కారం అందుకున్నారు.

2008లో హైదరాబాద్ గచ్చిబౌలిలో ఆయన అకాడమీ ప్రారంభమైంది. ఆయన శిక్షణలో కుమారి సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, కుమారి పి.వి. సింధు 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం గెలుచుకున్నారు. గాయంతో ఆగిపోవలసిన ఆట ఆ విధంగా మరొక తరానికి బాట వేసింది.