రేకుల ఇల్లు, తుప్పు కథ

మా తాతగారు నేటాలుకు వచ్చినది 1911కు ముందు, అనగా గిరిమిట్టు మీద కూలీలను తెచ్చుట ఆగక ముందు. డర్బనులో ఆయన కట్టుకొన్నది చెక్క, ముడతల రేకుల ఇల్లు. వాన పడితే ఆ ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. మేకు కొట్టిన ప్రతి చోటా ఎర్రని మరక. “సముద్రము మన ఇంటిని తింటున్నది” అనేది మా నాయనమ్మ. ఆమె చదువుకోలేదు గాని, ఆ మాట నిజమే.

ఇనుము తుప్పు పట్టుటకు గాలి, నీరు రెండూ కావలెను. తడిసిన ఇనుము ఎలక్ట్రానులను వదలి నీటిలో కరుగుతుంది. నీటిలోని ప్రాణవాయువు ఆ ఎలక్ట్రానులను తీసుకొంటుంది. రెండూ కలిసి చివరకు తుప్పు అవుతుంది. నీటిలో ఉప్పు ఉన్నచో విద్యుత్తు సులభముగా పారి పని త్వరపడుతుంది. రాగికి పట్టే చిలుము అంటిపెట్టుకొని ఉంటుంది. ఇనుప తుప్పు అట్లు కాదు, పొట్టుగా లేచి లోపలికి మళ్ళీ తేమను రానిస్తుంది.

దీనిని ముందుగా గట్టిగా పట్టించుకొన్నది ఓడలవారు. 1761లో ఆంగ్ల నౌకాదళము అలార్మ్ అను ఓడ అడుగుకు రాగి రేకు తొడిగినది. రెండేళ్ళకు చూస్తే రాగి బాగున్నది, దానిని తాకిన ఇనుప మేకులు తినివేయబడినవి. ఉప్పునీటిలో రెండు లోహములు తాకితే ఒకటి రెండవదాని కొరకు కరుగుతుంది. 1824లో సర్ హంఫ్రీ డేవీ ఈ సంగతినే ఉపాయముగా మార్చి, రాగిని కాపాడుటకు ఇనుము, జింకు ముక్కలు బిగించినాడు. రాగి నిలిచినది. అయితే కరిగే రాగి విషమే అంతవరకు గుల్లలను దూరముంచినది! అది ఆగగానే గుల్లలు, నాచు పట్టి ఓడ నడక మందగించినది. తరగతిలో ఇది చెప్పినప్పుడెల్లా పిల్లలు నవ్వేవారు.

ఓడకు పనికిరానిది ఇంటికి పనికివచ్చినది. ముడతల రేకుకు 1829లో లండనులో పామర్ పేటెంటు పొందినాడు. 1837లో ఫ్రాన్సులో సోరెల్ ఇనుమును కరిగిన జింకులో, అనగా మన పెద్దల తుత్తునాగములో, ముంచే పద్ధతికి పేటెంటు తీసుకొన్నాడు. గీత పడినా జింకే ముందు కరిగి ఇనుమును కాపాడుతుంది. కాని సముద్రపు గాలిలో జింకు త్వరగా అయిపోతుంది. మేకు రంధ్రము వద్ద నీరు నిలుస్తుంది గనుక తుప్పు అక్కడే మొదలు.

మా ఇంటిని సముద్రము పూర్తిగా తినలేదు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టము కింద, 1960 దశకములో, మమ్ములను లేపి చాట్స్‌వర్తుకు పంపినారు. నాన్నగారు ఒక్క రేకు తెచ్చి కోళ్ళగూటి మీద వేసినారు.

ఈ ఉత్సవ ప్రదర్శనకు దానిని తెచ్చినప్పుడు మా పిల్లలు, రంగు వేద్దామన్నారు. వద్దన్నాము. వదులుగా ఉన్న తుప్పు మీద రంగు నిలువదు, కింద దాగిన తేమ పని మానదు. తీగ బ్రష్షుతో మెల్లగా రుద్ది, ఎండలో ఆరబెట్టి, పలుచగా నూనె రాసినాము. మేకు రంధ్రములు పదకొండు ఉన్నవి.