గంటసేపు మంటను ఆపే గోడ: రేటింగ్ బోర్డుది కాదు, మొత్తం కూర్పుది

ఆఫీసులు, ఆసుపత్రులు, మాల్స్‌లో లోపలి గోడలకు ఇటుక బదులు జిప్సం బోర్డు వాడకం పెరిగింది. స్టీలు రేకుతో చేసిన నిలువు స్టడ్‌లను వరుసగా నిలిపి, రెండు వైపులా బోర్డులు స్క్రూలతో బిగిస్తారు. ఫైర్ రేటెడ్ బోర్డు కొంటే గోడకూ ఆ రేటింగ్ వచ్చేసినట్లేనని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు.

జిప్సం బరువులో సుమారు 21 శాతం నీరే. మంట తగిలినప్పుడు ఆ నీరు ఆవిరవుతూ వేడిని పీల్చుకుంటుంది. నీరంతా పోయాక బోర్డు కుంచించుకుపోయి పగుళ్లిస్తుంది. అందుకే ఫైర్ బోర్డుల్లో గాజు నారలు కలుపుతారు. అయినా ఎండిపోయిన బోర్డును పట్టి ఉంచేవి స్టడ్‌లు, స్క్రూలే. స్టడ్‌ల మధ్య దూరం పెరిగితే ఆ పట్టు సడలి అతుకులు తెరుచుకుంటాయి.

బోర్డు వెడల్పు సాధారణంగా 1220 మిల్లీమీటర్లు. స్టడ్‌లను 610 మి.మీ.కు ఒకటి చొప్పున నిలిపితే బోర్డు అంచులు సరిగ్గా స్టడ్‌ల మీదే కలుస్తాయి. అమెరికాలోని యూఎల్ సంస్థ జాబితాలో యూ465 అనే స్టీలు స్టడ్‌ల గోడకు ఈ దూరంతోనే గంట రేటింగ్ ఉంది. యూ305 అనే చెక్క స్టడ్‌ల గోడకూ గంటే, కానీ అక్కడ దూరం 406 మి.మీ. రెండింటిలోనూ ఇరువైపులా 15.9 మి.మీ. బోర్డు ఒక్కో పొర ఉంటుంది. అంటే, ఏ కూర్పును పరీక్షించారో రేటింగ్ ఆ కూర్పుకే వర్తిస్తుంది.

ఆ పరీక్షలో గోడకు ఒకవైపు కొలిమి ఉంటుంది. గంట గడిచేసరికి అందులో వేడి సుమారు 945 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. అవతలి వైపు సగటు ఉష్ణోగ్రత 140 డిగ్రీలకు మించి పెరగకూడదు. మంట, వేడి వాయువులు గోడ దాటి రాకూడదు. భారత్‌లో ఈ పరీక్షకు ఐఎస్ 3809 ప్రమాణం ఉంది. ఏ భవనంలో ఏ గోడ ఎంతసేపు నిలవాలో నేషనల్ బిల్డింగ్ కోడ్-2016 నాలుగో భాగం చెబుతుంది.

సైటులో జరిగే తప్పులు చిన్నవిగానే కనిపిస్తాయి. ఖర్చు తగ్గించడానికి స్టడ్‌లను దూరం జరపడం, గోడను స్లాబ్ దాకా కాకుండా ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆపేయడం, పైపుల చుట్టూ ఖాళీలను ఫైర్ సీలెంట్‌తో మూయకపోవడం వంటివి. బోర్డు బిగించి రంగు వేశాక స్టడ్‌ల దూరం కంటికి కనబడదు. కాబట్టి పరీక్ష నివేదికను దగ్గర పెట్టుకుని, రెండో వైపు బోర్డు బిగించక ముందే టేపుతో కొలిచి చూడాలి. ఆ గోడ నిలిచే సమయమే లోపలివాళ్లు మెట్లు దిగి బయటపడటానికి దొరికే సమయం.