‘కవనెంట్’: ఒక మాట, పలు అర్థములు

ప్రభురాత్రి భోజన ఆరాధనలో “క్రొత్త నిబంధన” అని మనము పలుకుతాము. వినే విశ్వాసికి ఆ మాట ఏమని తోస్తున్నది? అనుదిన వ్యవహారములో నిబంధన అంటే షరతు, నియమము. ఈ చిక్కు తెలుగుకే పరిమితము కాదు. ఆంగ్లములోని ‘కవనెంట్’ చరిత్ర కూడ ఇట్టిదే.

‘కూడివచ్చుట, సమ్మతించుట’ అనే లాటిన్ క్రియ నుండి ఫ్రెంచి ద్వారా ఈ మాట ఆంగ్లమునకు వచ్చినది. ఇరుపక్షముల ఒప్పందమనే భావము దానిలో ఉన్నది. అయితే హెబ్రీ ‘బెరీత్’కు సెప్టువజింట్ అనువాదకులు సాధారణముగా వాడినది ఒప్పందమును సూచించే ‘సున్‌థేకే’ కాదు; వాడుక గ్రీకులో వీలునామా అని అర్థమిచ్చే ‘దియాథేకే’. అందుచేత 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదములో హెబ్రీ పత్రిక 8వ అధ్యాయమున ‘కవనెంట్’, 9వ అధ్యాయమున ‘టెస్టమెంట్’ కనిపిస్తాయి. మన తెలుగు బైబిలు కూడ 9:16లో ‘మరణశాసనము’ అంటున్నది.

స్కాట్లాండులో ఈ మాట రాజ్యమునే కదిలించినది. మొదటి చార్లెస్ రాజు 1637లో సంఘముపై ప్రార్థనా గ్రంథమును రుద్దగా, 1638 ఫిబ్రవరి 28న ఎడిన్‌బరోలోని గ్రేఫ్రయర్స్ ఆలయములో ప్రజలు ‘నేషనల్ కవనెంట్’పై సంతకములు మొదలుపెట్టిరి. బలవంతమును ఎదిరించిన ఆ పత్రమును 1640లో స్కాట్లాండు పార్లమెంటే అందరికీ తప్పనిసరి చేసినది. 1643లో ఇంగ్లాండుతో మరియొక కవనెంట్ కుదిరినది. ఇంగ్లాండు పార్లమెంటుకు ముఖ్యముగా కావలసినది సైనిక సహాయము. స్కాట్లాండు సంఘము కోరినది మత సంస్కరణ. మాట ఒకటే, ఉద్దేశములు రెండు. 1650లో రెండవ చార్లెస్ కిరీటము కొరకు ఆ కవనెంట్లపై ప్రమాణము చేసెను. 1662లో ఆయన ప్రభుత్వమే వాటిని చట్టవిరుద్ధమని ప్రకటించినది.

అమెరికాలో ఇదే మాట ఆస్తి దస్తావేజులలోనికి చేరినది. నల్లజాతి వారికి ఇల్లు అమ్మరాదనే షరతులను కూడ ‘కవనెంట్’ అనే పిలిచిరి. 1948లో షెల్లీ కేసులో సుప్రీంకోర్టు, అట్టి షరతులను న్యాయస్థానములు అమలుచేయరాదని తీర్పు చెప్పినది.

ఒకే మాట విడుదలకు, బలవంతమునకు, వెలివేతకు కూడ ఉపయోగపడినది. కనుక బోధకులమైన మనము సభ్యత్వ నియమములను, చందాల వాగ్దానములను, మన పెత్తనమును ‘నిబంధన’ అనే పవిత్ర నామముతో కప్పుచున్నామా అని పరీక్షించుకొనవలెను. ఆదికాండము 15లో ఖండముల మధ్య నడిచినది అబ్రాము కాదు. అతడు గాఢనిద్రలో ఉండెను. రాజుచున్న పొయ్యి, అగ్నిజ్వాల మాత్రమే వాటి మధ్య దాటిపోయెను. మన సంతకము కంటె ముందు దేవుని మాట ఉన్నది. సంఘమునకు మొదట వినిపించవలసినది అదే.